మామగారి కారూ, సముద్రపు గాలీ

మా ఆయన జీవితంలో ఒక మేకు తిన్నగా కొట్టిన పాపాన పోలేదు. అలాంటి మనిషి మామగారి పాత కారు తుప్పు ఇంట్లోనే తానే వదలగొడతానని కూర్చున్నాడు. ఒడిశా బరంపురంలో మాది మసాలా దినుసుల కొట్టు. ఏలకులు తూచే చేతులవి, రేకులు కత్తిరించే చేతులు కావు. చెబితే వింటేనా!

సోమవారం ఛత్రపూర్‌ రవాణా ఆఫీసులో కారు తనిఖీ. పాసైతే ఇంకో ఐదేళ్ళు తిరగనిస్తారు, లేకపోతే తుక్కు కొట్టుకే. మామగారు పోయాక ఆయన గుర్తుగా మిగిలింది ఆ కారొక్కటే. నా గొడవ నాది. నెలకోసారి సముద్రపొడ్డున పొడంపేట వెళ్ళి, అప్పుడే పడవ దిగిన చేపలు బుట్టెడు తెచ్చుకునేది అందులోనే. ఆ రుచి మరిగిన నోటికి బజారు చేప ఎక్కదు.

డిక్కీ అడుగంతా కోసి కొత్త రేకు వెల్డింగు చెయ్యాలని మేస్త్రీ ముందే చెప్పాడు. ఈయనగారికి ఆ మాట నచ్చలేదు. ఫోనులో రెండు వీడియోలు చూసి, ఖాళీ నూనె డబ్బా చీరి, చిల్లుల మీద రివెట్లు కొట్టి, పైన పుట్టీ పులమడం మొదలెట్టాడు. పెళ్ళికూతురికి నలుగు కూడా అంత మందాన పెట్టరు. ఎండితే పగుళ్ళు, పగిలితే మళ్ళీ పుట్టీ. చూడవచ్చిన ప్రతివాడితోనూ ఒకటే పాట.

“సముద్రపు గాలండీ. ఏటి సేస్తాం!”

నాకు ఒళ్ళు మండిపోయేది.

“ఎదురింటోల్ల బండికి తగల్లేదేటి ఆ గాలి? మనిల్లే సూసుకుని ఒచ్చిందా?”

“నువ్వూరుకోవే.”

“ఊరుకుంటే అది కారవుద్దా? నా అట్లకాడతో పుట్టీ పులిమే మనిషిని మిమ్మల్నే సూస్తన్నాను!”

శనివారం ఆయన కొట్టుకి వెళ్ళగానే అట్లకాడ కోసం డిక్కీ తెరిచాను. ఓ మూల మ్యాటు ఇంకా తియ్యలేదు. ఎత్తి చూద్దును కదా, తుప్పులో అతుక్కుని చేప పొలుసులు! ఐసూ ఉప్పూ వేసిన నా బుట్ట ఏళ్ళ తరబడి కారిన చోటు అది. కింద ప్లాస్టిక్ పరవమని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. “సేపనీల్లకి కారు కరిగిపోద్దేటి?” అని దులిపేసింది నేనే.

పక్కనే కాగితంలో, ఆయన గీకి తీసిన పొలుసులు గుప్పెడు ఉన్నాయి. అంటే అన్నీ తెలిసే నా తప్పు గాలి మీదకి నెడుతున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా మ్యాటు మళ్ళీ కప్పేసి, అట్లకాడ తీసుకుని వచ్చేశాను.

సోమవారం తనిఖీ చేసే ఆయన డిక్కీ అడుగున బొటనవేలితో నొక్కాడు. పుట్టీ పెచ్చు ఊడి, వేలు అవతలికి పోయింది. పనికిరాదని కాగితం మీద రాసేస్తూ, ఇంత తుప్పు ఎలా పట్టిందని ఒడియాలో అడిగాడు. కన్నతండ్రి కారు పోతోంది, మా ఆయన కళ్ళనిండా నీళ్ళు. అప్పుడు కూడా సముద్రపు గాలే అన్నాడు. వారం రోజులు ఆగకుండా వాగిన నా నోరు ఆ ఒక్క నిమిషం పెగల్లేదు. ఛీ, నాదీ ఒక నోరేనా!

కారు తుక్కు కింద అక్కడే వదిలేసి బస్టాండుకి నడిచాం. సగం దూరం వెళ్ళాక ఆయనే మాట్లాడాడు.

“సేపల కోసం బెంగెట్టుకోకే. ఆదివారం పొడంపేట బస్సుకెల్దాం. ఈసారి బుట్ట కింద ప్లాస్టిక్ ఏసుకో. బస్సోడు నాలాగ ఊరుకోడు.”