కాదన్న బరువు

మొన్న గురువారం దిల్‌సుఖ్‌నగర్‌లో పూలూ తమలపాకులూ కొనుక్కుని షేర్ ఆటోలో వస్తుంటే, ఎల్.బి.నగర్ ముందు బండ్లన్నీ ఆగిపోయాయి. ఒక క్రేన్ రోడ్డు పక్కన నాలుగు కాళ్ళూ చాపుకుని నిలబడి, ఏదో పెద్ద బోర్డును పైకెత్తుతోంది. "గీ క్రేనోళ్ళకు వేరే టైమే దొరకదమ్మా, పబ్లిక్ ఆఫీసులకు పోయేటప్పుడే షురూ చేస్తరు" అని ఆటో అతను విసుక్కున్నాడు. నేను తల బయటికి పెట్టి క్రేన్ కాళ్ళ కిందికి చూశాను. ఒక్కో కాలి కిందా మందపాటి చెక్క దిమ్మలు పేర్చి ఉన్నాయి. మనసులోనే ఒక దణ్ణం పెట్టుకున్నాను. నడిపే అతనెవరో నాకు తెలీదు. కాళ్ళ కింద ఏముందో చూసుకున్నాడు, అంతే చాలు.

క్రేన్ల గురించి నాకు తెలిసిందంతా వంటింటి గుమ్మంలో నిలబడి విన్నదే. బడి మెట్లు ఎక్కినదాన్ని కాదు. మా నాన్నమ్మ ఇంట్లోనే పళ్ళెంలో బియ్యం పోసి, వేలు పట్టి అక్షరాలు దిద్దించింది. అక్షరం వంకరగా వస్తే ఆ బియ్యమే నా చేత ఏరించేది. ఆవిడ పుణ్యాన నా రాత గుండ్రంగా కుదిరింది. ఆ రాతే నన్ను సంఘంలోకి తెచ్చింది. మా ఆయనకి ఒక క్రేన్ ఉండేది, తనే నడిపేవారు. అలాంటివాళ్ళు కొంతమంది కలిసి ఎల్.బి.నగర్‌లో టైర్ల కొట్టు మీద ఒక గది కిరాయికి తీసుకుని సంఘం పెట్టుకున్నారు. అందరూ పనుల మీద తిరుగుతుంటే గదిలో కూర్చునేదెవరు? అందుకని సంఘం ఫోనూ, సంఘం పుస్తకమూ మా ఇంటికి వచ్చాయి. అంతకుముందు మగవాళ్ళు రాసిన పేజీలు చూస్తే, కొక్కేలన్నీ వరసగా వేలాడదీసినట్టుండేది.

ఆ సంఘానికి నియమాలు చాలానే ఉండేవి. టీ తాగుతూ పెట్టుకున్నవి, టీ అయ్యేలోపు మర్చిపోయినవి. ఒక్కటి మాత్రం ఎవరూ తప్పేవారు కాదు. దాన్ని 'కాదన్న బరువు' అనేవారు. పూర్వం ఒకరు ప్రమాదమని వెనక్కి వస్తే, బిల్డరు "నువ్వు కాకపోతే పది మంది" అని మధ్యాహ్నానికి ఇంకొకరిని పట్టుకొచ్చేవాడట. మొదటివాడు చూసిన ప్రమాదం రెండోవాడికి తెలిసేది కాదు. అందుకని ఈ కట్టుబాటు. కాదన్నవాడు వెంటనే సంఘం ఫోనుకి చెప్పాలి. నేను చోటూ, బరువూ, కారణమూ, టైమూ రాసుకుని ఒక్కొక్కరికీ ఫోను చెయ్యాలి. కొత్త చోటికి వెళ్ళేవాడు ముందు నన్ను అడగాలి. కాదన్నవాడే మళ్ళీ వెళ్ళి చూసి సరేననేదాకా ఆ బరువుని ఇంకెవరూ ముట్టుకోకూడదు.

సంఘంలో ఒక నల్లగొండ అతను మా ఆయన్ని అన్నా అనేవాడు. ఆ లెక్కన నాకు మరిది. కాపురం అల్మాస్‌గూడలో. మా ఇంటి మీదుగా వెళ్తే భోజనం చెయ్యకుండా కదిలేవాడు కాదు, వంక పెట్టకుండా తినేవాడూ కాదు. "ఒదినె, మీ ఆంధ్రోళ్ళు గోంగూరల మిరపకాయలేస్తరా, మిరపకాయలల్ల గోంగూరేస్తరా?" అని కళ్ళు తుడుచుకుంటూనే మళ్ళీ వేయించుకునేవాడు. వాళ్ళావిడకి పది దాకా చదువుంది. నన్ను అక్కా అని పిలిచేది. అన్నదమ్ముల వరస కాబట్టి మేం తోడికోడళ్ళం.

అది శ్రావణ శుక్రవారం. అమ్మవారికి కుంకుమపూజకి కూర్చోబోతుంటే సంఘం ఫోను మోగింది. మా ఆయన. "నాగోల్‌లో అపార్ట్‌మెంట్ మీదికి జనరేటర్ ఎత్తమన్నారు. కాదన్నాను. పోయిన నెల ఇక్కడే పైపులకని గుంట తవ్వడం చూశాను, ఇప్పుడు దాన్ని మట్టితో పూడ్చి పైన రాళ్ళు పరిచేశారు. చూసేవాడికి తెలియదు. రాసి, అందరికీ చెప్పు" అన్నారు. తొమ్మిదీ పది అని టైము వేసి రాశాను. ఫోను చెయ్యడం మాత్రం పూజ అయ్యాక చేద్దామనుకున్నాను. ఒకరు కాదంటే బిల్డరు ఇంకొకరిని వెతుక్కునేసరికి మధ్యాహ్నమవుతుంది, పూజకు ముప్పావుగంట చాలు, మధ్యలో లేవకూడదు. ఇదీ నేను వేసుకున్న లెక్క.

వెయ్యి నామాల్లో సగం అయ్యాయో లేదో ఫోను మోగింది. ఆగి, మళ్ళీ మోగింది. నేను గొంతు కొంచెం పెంచి చదివాను. హారతి కళ్ళకద్దుకుని వచ్చి చూస్తే, రెండుసార్లూ మరిదే. తిరిగి చేశాను. మోగింది కానీ ఎత్తలేదు. మూడోసారి చేస్తుండగా మా ఆయన ఫోను అడ్డొచ్చింది.

మరిది ఆ పొద్దున ఆ పక్క వీధిలోనే పని ముగించుకుని టీ తాగుతున్నాడట. సైటు మేస్త్రీ వచ్చి, ఇంకా ఎవర్నీ పిలవలేదని అబద్ధమాడి తీసుకెళ్ళాడు. టీకొట్టతను తరవాత చెప్పాడు, మరిది రెండుసార్లు ఫోను చేసి జేబులో పెట్టుకుంటూ, "ఏమన్న ఉంటే ఒదినెనే చేస్తుండె" అన్నాడట. రాళ్ళ కింద మట్టి దిగింది. క్రేన్ కేబిన్ వైపుకే ఒరిగింది.

మూడు రోజులు సంఘంలో ఒక్క క్రేనూ పనికి వెళ్ళలేదు. దవాఖానలో, పోలీస్ స్టేషన్లో, స్మశానంలో అన్నిచోట్లా వాళ్ళే. తప్పు నడిపినవాడిదేనని కేసు రాయబోతే, మా ఇంటి పుస్తకమే తీసుకెళ్ళి, ప్రమాదమని బిల్డరుకి ముందే తెలుసని చూపించి ఆపారు. అది చూసి నన్ను మెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు మెచ్చుకుంటుంటే నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. తరవాత మా వరండాలోనే మీటింగ్ పెట్టి, కాదన్న సంగతి ఎందుకు చేరలేదని అడిగారు. మా ఆయన లేచి, "నేనే ఆలస్యంగా చెప్పాను" అన్నారు. ఆ పదిమందిలో తను తలవంచుకుని, నా తల కాపాడారు. అధ్యక్షుడు పెద్దాయన పుస్తకంలో ఆ పేజీ తీసి, నేను వేసిన టైము చూసి, మూసేశాడు. నేను టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాను. నోరు తెరవలేదు. ఆ మౌనం మొదటి తప్పుకన్నా పెద్దది.

పెద్దకర్మ అయిన మర్నాడు నేనొక్కదాన్నే అల్మాస్‌గూడ వెళ్ళాను. ఆమె గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. ఉన్నదంతా చెప్పాను.

"రెండుసార్లు చేసిండా?"

"రెండుసార్లు."

"ఆయన గంతే. ఏదైనా రెండుసార్లే అడుగుతడు. మూడోసారి అడుగుడు తెల్వదు."

నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. వెనక్కి తీసుకుంది. "నిన్ను తిట్టనీకి నాకు శాతనైతలేదక్కా. అట్లని మాఫ్ చేసిననుకోకు" అంది. నేను లేచి చెప్పులేసుకుంటుంటే లోపల్నించి పిలిచింది. "ఆ ఫోను, ఆ బుక్కు నాకియ్యమని సంఘమోళ్ళకు చెప్పు. ఇగ నాకు పూజల్లేవు, ఏం లేవు. మోగంగనే ఎత్తుత."

నేనే పెద్దాయన దగ్గరికి వెళ్ళి నిజం చెప్పి, ఆమె మాటా చెప్పాను. "తెలుసు తల్లీ. నీ పెనిమిటి మాట తీసెయ్యలేక ఊకున్న" అన్నాడు. ఆ సాయంత్రమే పుస్తకం అల్మాస్‌గూడ వెళ్ళింది.

తరవాత కళ్ళు మందగించి మా ఆయన క్రేన్ అమ్మేశారు. ఇప్పుడు సంఘానికి వాట్సాప్ గ్రూపుంది, వేలితో నొక్కితే అందరికీ చేరుతుంది. ఆమె అది నమ్మదు. "చూసిన్రో లేదో ఎవరికెరుక" అని ఇప్పటికీ ఒక్కొక్కరికీ ఫోను చేస్తుంది. మా ఇంట్లో క్రేనే లేకపోయినా, నాకూ చేస్తుంది. "అక్కా, కర్మన్‌ఘాట్ దిక్కు ఒక ట్యాంకు కాదన్నరు. నేల బాలేదంట." అంతే, పెట్టేస్తుంది. బాగున్నావా అని నేనడిగే లోపే పెట్టేస్తుంది. అది శిక్షో, తోడికోడలి వరసో నేనెప్పుడూ అడగలేదు. ఆ గొంతు వినిపించినందుకే దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. నామాలు చదువుతున్నప్పుడు మోగినా సరే, లేచి వెళ్ళి ఎత్తుతాను. అమ్మవారు ఆగుతుంది. అప్పుడు కూడా ఆగేదే, నాకే తెలియలేదు. ఇన్నేళ్ళు ఇట్టే గడిచిపోయాయని అందరూ అంటుంటారు, నేనూ అంటుంటాను. ఆ ముప్పావుగంట మాత్రం నాకింకా గడుస్తూనే ఉంది.