తలుపు దగ్గరి చాట

జ్యోతి ఫోన్ చేయకపోతే నేను షోలాపూర్ వెళ్లేదాన్నే కాదు. అక్కడ తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే విడీ ఘర్కుల్ అనే బీడీ కార్మికుల కాలనీలో ఆమె నర్సు, నా స్నేహితురాలు. "సునందక్కకు టీబీ తగ్గి ఏడాదాయె. రోగం పోయింది గని మనుషులు దగ్గరికొస్తలేరు. నువ్వొచ్చి అందరితోటి మాట్లాడియ్యి," అంది. జబ్బుల వల్ల వచ్చే చిన్నచూపు గురించి మనుషులను కూర్చోబెట్టి మాట్లాడించడం నా పని. సునంద ఒప్పుకుంటేనే వస్తానన్నాను. ఒప్పుకుంది. హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కి పొద్దున్నే దిగాను.

స్టేషన్ బయట షేర్ ఆటో ఎక్కాను, ముప్పై రూపాయలకు మించలేదు. నా తెలుగు విని వెనక్కి తిరిగిన డ్రైవర్‌కు వచ్చిన పని చెప్పాను. "బీడీలోళ్లతోటి మీటింగా? ఇప్పుడెవ్వరు దొర్కరక్కా. చుట్టిన మాల్ ఇయ్యనీకి కార్ఖానాకు పోతరు. దుపార్ల పెట్టుకోండ్రి." అతని మాటే నిజమైంది, నా కోసం ఆగిన సునంద తప్ప ఎవరూ లేరు. మధ్యాహ్నం దాకా సునంద ఇంట్లోనే కూర్చున్నాను. చాయ్ ఇచ్చి, నేను కప్పు ఖాళీ చేసేదాకా నా చేతినే చూస్తూ నిలబడింది. "అందరితోటి కూసోని బీడీలు చుట్టాలె, గంతే. నా జాగ నాకు గావాలె," అంది.

వాడకట్టు ఆడవాళ్లు రోజూ ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేది రాజవ్వ ఇంట్లో. తునికాకు తక్కువైతే పక్కామె చాటలోంచి అడిగి తీసుకోవడం వాళ్లకు మామూలే. సునంద ఆకు మాత్రం ఎవరూ ముట్టరట. ఆ రోజూ ఆమె వచ్చి తలుపు దగ్గరే కూర్చుంది, జ్యోతి గోడ వారగా కూర్చుంది. నేను పెద్ద మనిషిలా నడిమధ్యన కూర్చుని, "చాటలు కాసేపు పక్కన పెట్టండమ్మా," అన్నాను. ఖాళీ చేతులతో కూర్చోవడం వాళ్లకు అలవాటు లేదు. వేళ్లు చీర అంచులనే చుడుతున్నాయి. ఇది కుదరదని చాటలు మళ్లీ తెప్పించాను. కత్తెరలు కదిలాక మాటలూ కదిలాయి.

"నా కోడలు కడుపుతోటున్నది. నాకు బయమైతది. బయపడుడు గూడ తప్పేనా?" అంది రాజవ్వ.

తప్పు కాదన్నాను. "మందులు పూరా అయినయ్ అత్తా. ఆమెతోటి ఇప్పుడేం రాదు. ఆకు ముడితే అసలే రాదు," అంది జ్యోతి.

సునంద తల ఎత్తలేదు. "బయపడు అక్కా. గని నన్నడుగు. అడగకుండ చాట జరుపుతవ్ సూడు, గది నొస్తది."

ఒకామె చాట తీసుకుని లేచి వెళ్లిపోయింది. మిగతావాళ్లు చాలాసేపు మాట్లాడుకున్నారు, కాస్త పోట్లాడుకున్నారు కూడా. సాయంత్రానికి రాజవ్వ ఆకు అయిపోయింది. పక్కామె ఇవ్వబోతే వద్దంది.

"సునందా, నీ కాడ ఆకున్నదా?"

"ఉన్నది. గీడిదాక వస్తవా మరి?"

రాజవ్వ మోకాళ్లు పట్టుకుని లేచింది. చాట ఎత్తుకుని వెళ్లి తలుపు దగ్గర, సునంద పక్కనే కూలబడింది.

ఒక్క పూటలో అంతా మారిపోతుందని నేను నమ్మను. లేచి వెళ్లినామె రేపు వస్తుందో రాదో తెలియదు. సునందకు గది మధ్యలో చోటిప్పించాలనే నేను బయల్దేరాను. ఆ చోటే రాజవ్వతో పాటు లేచి సునంద దగ్గరికి వెళ్తుందని మాత్రం అనుకోలేదు. మీరూ ఇలాంటి పని మీద వెళ్తుంటే ఒక్క సలహా: లోపలికి వెళ్లగానే మధ్యలో కూర్చోకండి. తలుపు దగ్గర ఎవరున్నారో చూసి, వాళ్ల పక్కన కూర్చోండి.