ఇస్త్రీ అవ్వ, ఆమె కందిచేను

మొన్న మంగళవారం ఉదయం ఆఫీసుకు బయలుదేరుతుంటే మా ఇస్త్రీ అవ్వ కూతురు ఫోన్ చేసింది. "అమ్మ పోయిందక్కా. దవాఖానకు తీస్కపోయే లోపట్నే పోయింది" అంది.

హైదరాబాద్ కొత్తగూడలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో, లిఫ్టు పక్కన అవ్వ బల్ల ఉండేది. ఈ చుట్టుపక్కల అద్దాల మేడల్లోకి వెళ్లే చొక్కాలు ఎన్నో ఆమె చేతి మీదుగా వెళ్లినవే. ఏ చొక్కా ఏ ఫ్లాట్‌దో గుర్తుకు చీటీలు అక్కర్లేదు ఆమెకు. జేబుల్లో మరిచిపోయిన ఐడీ కార్డుల్ని కొంగున ముడేసుకుని, మెట్లెక్కి వచ్చి ఇచ్చేది. నేను హడావిడిగా, చిరాగ్గా దిగిన రోజున, "కోపంల ఇస్త్రీ పెట్టె పట్టొద్దు బిడ్డా, బట్ట కాలేదాంక ఎరుక గాదు" అనేది. నా చేతిలో ఏ పెట్టే లేకపోయినా ఆ మాట నాకే తగిలేది.

నేను ప్రభుత్వ ఉద్యోగిని. చట్టాల ముసాయిదాలను ఇంగ్లీషు నుంచి తెలుగు చేయడం నా పని. మా ఊరు కాకినాడ వైపు. అవ్వది జహీరాబాద్ దాటాక ఒక పల్లె. భర్త పోయాక ఎకరన్నర ఆమె పేరు మీదికి వచ్చింది. దాన్ని కౌలుకిచ్చి, కూతురి దగ్గర ఉండేది.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక సాయంత్రం అవ్వ మా ఇంటికొచ్చి ఒక కాగితం ఇచ్చింది. దాన్ని కూడా చొక్కా మడతపెట్టినంత శ్రద్ధగా మడతపెట్టింది.

"జర చదువు బిడ్డా. పోలీసోళ్ల కాయితం."

చదివాను. కౌలుదారు కంది సాళ్ల మధ్య గంజాయి వేశాడు. పోలీసులు మొక్కలు పీకి అక్కడే తగలబెట్టారు. వాడు పారిపోయాడు. పట్టా అవ్వ పేరున ఉంది కనుక విచారణకు ఆమె రావాలి.

"గంజాయి మొక్క ఎట్లుంటదో నాకు ఎర్కనే లేదు" అంది. మళ్లీ తనే, "కానూన్ తప్పు గాదు బిడ్డా. మా బస్తీల పొల్లగాండ్లు దాంతోని ఎట్లయితుండ్రో సూస్తలేనా? పీకాల్సిందే. గాని నన్నెందుకు?" అంది.

ఆ వారమే నా బల్ల మీదికి ఒక ముసాయిదా వచ్చింది. గంజాయి సాగును అరికట్టడానికి రాష్ట్రం చేయబోయే చట్టం అది. అందులో ఒక నిబంధన దగ్గర నా చేయి ఆగింది. మొక్కలు దొరికిన భూమి యజమానికి ఆ సంగతి తెలిసినట్టే భావిస్తారు. తెలియదని యజమానే రుజువు చేసుకోవాలి.

టీవీలో కొత్త చట్టం మాట విని అవ్వ నన్ను సెల్లార్లో ఆపింది. "నువ్వే రాస్తున్నవట గదా. తెల్వక చిక్కినోళ్లను ఇడవాలని ఒక్క ముక్క రాయరాదు?"

"నేను రాసేదాన్ని కాదవ్వా, తెలుగులోకి మార్చేదాన్ని. తెలియదని మీరే చూపించుకోవాలట."

అవ్వ పెట్టె పక్కన పెట్టి నా వంక చూసింది. "తెల్వనిదాన్ని ఎట్ల సూపెట్టాలె బిడ్డా?"

మర్నాడు ధైర్యం చేసి, నమ్మి కౌలుకిచ్చినవాళ్లకు మినహాయింపు ఉంటే బాగుంటుందని అనువాదంతో పాటు చిన్న నోటు జతచేశాను. మా అధికారి మంచివారే. చదివి, నోటు వేరుచేసి నాకే ఇచ్చేశారు. "మన పని అనువాదమండి. మినహాయింపులిస్తే రేపు ప్రతివాడూ తెలియదనే అంటాడు" అన్నారు. ఆయన మాటలోనూ నిజం ఉంది. ఆ నిబంధనను వీలైనంత సులువైన తెలుగులో రాసి ఇచ్చేశాను.

ఆ తర్వాత మూడు నెలలు అవ్వ విచారణలకు తిరిగింది. ఒకసారి నేనూ తోడు వెళ్లాను. పోలీస్ స్టేషన్ వరండాలో నిలబడీ నిలబడీ ఆమె పాదాలు పొంగాయి. లోపల ఒకే ప్రశ్న, ఒకే జవాబు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, "నేను మంచిదాన్నని నీకు ఎరుకనే గదా?" అని అడిగింది. తెలుసన్నాను. "ఆడ చెప్పరాదు?" అంది. అక్కడి పోలీసులకు అప్పటికే చెప్పాను కూడా. వాళ్లు రాసుకోలేదు.

అప్పటినుంచి ఆమెకు ఆయాసం మొదలైంది. బల్ల దగ్గర స్టూలు వేసుకుని కూర్చునే ఇస్త్రీ చేసేది. కేసు తేలకముందే వెళ్లిపోయింది.

ఆమె కోరినట్టే సొంత చేలో, గట్టు పక్కన మట్టి చేశారు. కూతురితో పాటు నేనూ నిలబడ్డాను. చేను మధ్య మొక్కలు తగలబెట్టిన చోటు ఇంకా నల్లగానే ఉంది. దాని చుట్టూ కంది కోతకొచ్చి, అదను దాటిపోయింది. కేసున్న చేలో అడుగుపెట్టడానికి ఊళ్లో ఎవరికీ ధైర్యం చాలలేదట. ఎండిన కాయలు గాలికి గలగలమంటున్నాయి. మేం చూస్తుండగానే కొన్ని పగిలి, గింజలు నేల మీద రాలుతున్నాయి.