పేరంటాలు కత్తిపీట తిరగేసిన రోజు

సూర్యలంక పేరంటాలు ఒకే పూట ఏడుగురు మగాళ్లని చితగ్గొట్టింది. రాలిన పళ్లతో బాపట్ల రోడ్డు గుంటలు పూడ్చారు. నమ్మనివాళ్లు వెళ్లి రోడ్డు చూసుకోవచ్చు.

ఆమె పుట్టిల్లు రేపల్లె దగ్గర. చిన్నప్పుడే పాకలో దూరిన తాచుని తోక పట్టి గిరగిరా తిప్పి కాలవ అవతల పారేసిందట. పెళ్లయ్యాక బాపట్ల మార్కెట్లో చేపలమ్మకం. గంపలో చెయ్యి పెట్టిన తాగుబోతు వేళ్లని కత్తిపీట మీదకి లాగి, "ముక్కలు చిన్నవి కొట్టనా, పెద్దవా?" అని అడిగిందని చెబుతారు. చెప్పేది నేనే.

అలాంటి మనిషి కూతురికి తట్టు పోసింది. ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు. అమ్మవారన్నారు. గడపకి వేపమండలు కట్టారు, మందులు వద్దన్నారు. దద్దుర్లు తగ్గాక వేపాకు నీళ్లు పోసి, తల్లి చల్లగా వెళ్లిందని దండం పెట్టుకున్నారు. మర్నాడే జ్వరం తిరగబెట్టింది. పిల్ల డొక్కలెగరేస్తోంది, పెదాలు నల్లబడ్డాయి. మొగుడు నాగబాబు సముద్రం మీద వేటలో ఉన్నాడు.

పిల్లని భుజానేసుకుని ఆటో దగ్గరికొస్తే, నాగబాబు అన్న దానయ్య అడ్డం నిలబడ్డాడు. వెనక పల్లె మగాళ్లు ఆరుగురు.

"అమ్మవారు మళ్లీ వచ్చింది. సూది పొడిపిస్తే పల్లెంతా ఊడ్చుకుపోద్ది. లోపలికి నడు."

"తప్పుకో బావా."

"నన్ను దాటుకుని పో, చూద్దాం."

అరుగు మీది కత్తిపీట తిరగేసి, చెక్కతో మూతి మీద కొట్టింది. దవడ పక్కకి తిరిగింది. పడ్డవాడు ఆమె కాలు పట్టుకున్నాడు. ఆ మణికట్టు మీద మడమ పెట్టి తొక్కింది. ఎముక విరిగిన చప్పుడుకి అలలు ఆగి విన్నాయి.

బాపట్ల ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి తెనాలి పంపారు. అక్కడ డాక్టర్ శోభారాణిగారు చెప్పారు: "తట్టు వైరస్ ఒంట్లో కాపలా కణాల్నే చంపుతుందమ్మా. పాత జబ్బుల్ని గుర్తుపట్టే శక్తినీ చెరిపేస్తుంది. దద్దుర్లు పోయినా కాపలా తేరుకోడానికి నెలలు పడుతుంది. ఆ సందులో న్యుమోనియా దూరింది."

తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టిన నాకే అర్థమైంది. మొదటి దొంగ కాపలావాళ్లని నరికి పోయాడు, రెండోవాడు దర్జాగా నడిచొచ్చాడు.

"ఇంకాస్త ఆలస్యమైతే?" అని పేరంటాలు అడిగింది. డాక్టర్‌గారు పాప గుండెల మీద స్టెతస్కోపు పెట్టి మళ్లీ విన్నారు.

పాప బతికింది. దానయ్య ఇప్పటికీ జావే తాగుతాడు.

ఏడుగురి సంగతి రాస్తున్నానని మార్కెట్లో చెబితే, పేరంటాలు చేప పొలుసు గీకుతూ తలెత్తకుండా అంది:

"ఏడుగురు కాదబ్బాయ్. కొట్టింది మా బావనొక్కణ్ణే. మిగతావాళ్లు పిల్ల మొహం చూసి వాళ్లే పక్కకి జరిగారు."