పేపరు కప్పు

తెలియదు అని చెప్పడం జయంతికి నామోషీ. శాంటా క్లారాలో ఆడపిల్లల కాథలిక్ హైస్కూల్లో చదివేది. తండ్రి భీమశంకర్ చిప్పులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. గుంటూరులో తన అక్కచెల్లెళ్ళకు అందని కాన్వెంటు చదువు కూతురికైనా అందాలని అక్కడ చేర్పించాడు. పదహారేళ్ళ జయంతి క్లాసులో అందరికన్నా ముందు చెయ్యెత్తేది. ఇంట్లో అమ్మ తరఫున డెంటిస్టు ఆఫీసుకి ఫోన్ చేసేది, గుమ్మంలోకి వచ్చిన పొరుగువాళ్ళకు అమ్మ మాటలు ఇంగ్లీషులో చెప్పేది. తను లేకపోతే అమ్మకూ అమెరికాకూ మాటల్లేవని ఆ పిల్లకు లోలోపల గర్వం.

ఎనభై మూడు అక్టోబరులో, ప్రపంచ మతాల క్లాసులో, సిస్టర్ మార్గరెట్ తన కుర్చీని నల్లబల్ల దగ్గర్నుంచి ఈడ్చుకెళ్ళి వెనకాల కిటికీ పక్కన వేసుకుంది.

"ఈ ఆరు వారాలూ పాఠం మీరే చెప్తారు" అంది. "అయితే ఎవరి మతం గురించి వాళ్ళు చెప్పకూడదు. ఇద్దరేసి జతకట్టండి. ఒకరింటికి ఒకరు వెళ్ళండి. కూర్చోండి, పెట్టింది తినండి, తోచింది అడగండి. తర్వాత వచ్చి ఆ ఇంటి గురించి పాఠం చెప్పండి. చెప్తున్నంతసేపూ ఆ ఇంటి పిల్ల నోరెత్తకూడదు."

పాఠం అయ్యాక మాత్రం ఆ ఇంటి పిల్ల చేతికి ఒక కాగితం ఇస్తారు. అందులో ప్రశ్నలు రెండే. చెప్పినదంతా నిజమేనా? చెప్పకుండా వదిలేసింది ఏమైనా ఉందా? జవాబులు రాసి సంతకం పెడితేనే మార్కులు.

జయంతి ఉషారాణిని ఎంచుకుంది. క్లాసులో ఇంకో తెలుగు పిల్ల ఉషే. తొమ్మిదో ఏట తల్లితో వచ్చింది. తల్లి కరుణమ్మ ఆసుపత్రిలో నర్సు. వాళ్ళు లూథరన్ క్రైస్తవులు. ఒకే భాష కాబట్టి పని ఇట్టే అయిపోతుందని జయంతి లెక్క. రోజూ ఒకే బల్ల దగ్గర కూర్చుని లంచ్ తినే స్నేహం కూడాను.

శుక్రవారం సాయంత్రం అమ్మ లక్ష్మీపూజ చేసుకునే వేళకు ఉష వచ్చింది. రెండిళ్ళ అవతలి సూసన్ కూడా వచ్చింది. సూసన్ వాళ్ళ క్లాసే. పులిహోర చేసిన రోజున ఆ పిల్లను పిలవక్కర్లేదు, వాసన పట్టుకుని తనే వస్తుంది.

జయంతి తల్లి అన్నపూర్ణ ఉషని చూసి ఎంతో సంబరపడింది. "ఎంత చక్కగా మాట్లాడుతున్నావమ్మా తెలుగు! మా దానికి చెప్పు కాస్త. ఏ ఊరు మీది?"

"రేపల్లె దగ్గర, ఆంటీ."

"అయ్యో, మనవైపే! మా మేనత్తని అటే ఇచ్చారు. ఊళ్ళో ఎక్కడ మీ ఇల్లు?"

"అమ్మమ్మ వాళ్ళిల్లు క్రిస్టియన్ పాలెంలో ఆంటీ. చర్చి పక్కనే."

గిన్నెలో తిరుగుతున్న గరిటె ఆగింది. "ఆహా" అంది అన్నపూర్ణ. గరిటె మళ్ళీ తిరిగింది. ఆ తర్వాత ఆవిడ ఊరి సంగతి ఎత్తలేదు.

పూజ అయింది. ప్రసాదం పెట్టారు. సూసన్‌కి, జయంతికి స్టీలు గ్లాసుల్లో నీళ్ళిచ్చింది అన్నపూర్ణ. అవి ఆవిడ పెళ్ళికి వచ్చిన గ్లాసులు, పేరు చెక్కి ఉంటుంది. తర్వాత సింకు పైన అలమర తెరిచి, జూలైలో పిక్నిక్‌కి కొనగా మిగిలిన పేపరు కప్పుల ప్యాకెట్ దింపింది. ఒక కప్పు తీసి నీళ్ళు పోసి ఉష ముందు పెట్టింది.

"ఇదైతే కడుక్కునే పనుండదమ్మా" అంది నవ్వుతూ.

సూసన్‌కి ఇవేవీ పట్టలేదు. గ్లాసుని దీపం వెలుగులో తిప్పి చూస్తోంది. "దీని మీద ఏదో రాసుంది. ఏంటది?"

జయంతికి తెలుగు చదవడం రాదు. ఉష కొంచెం ముందుకు వంగింది. గ్లాసుని తాకకుండా, పేపరు కప్పు తన చేతిలో పట్టుకునే, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. "చిరంజీవి సౌభాగ్యవతి అన్నపూర్ణకు పిన్ని ఆశీస్సులతో." అర్థం ఇంగ్లీషులో సూసన్‌కి చెప్పింది.

జయంతి తన గ్లాసు బల్ల కిందికి, ఒళ్ళోకి దించుకుంది.

వాళ్ళు వెళ్ళాక వంటింట్లో అడిగింది. "ఉషకి పేపర్ కప్పు ఎందుకిచ్చావ్?"

"ఏం, నీళ్ళు కారిపోయాయా?"

"సూసన్‌కి గ్లాస్ ఇచ్చావ్ కదా."

"సూసన్ సంగతి వేరు."

"సూసన్ బీఫ్ తింటుందమ్మా."

"వాళ్ళు ఈ దేశంవాళ్ళే. వాళ్ళ సంగతి వేరన్నానా? నీకవన్నీ ఎందుకు, పాపం మంచి పిల్ల. కడుపునిండా పెట్టానా లేదా?" అంది అన్నపూర్ణ. పెట్టింది. వెళ్ళేటప్పుడు పులిహోర కట్టి కూడా ఇచ్చింది. అమ్మ అబద్ధమాడటం లేదు, కోపంగానూ లేదు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక జయంతి ఉష వాళ్ళ అపార్ట్‌మెంటుకి వెళ్ళింది. కరుణమ్మ రాత్రి డ్యూటీ చేసి, నిద్రపోకుండానే చర్చికి వెళ్ళొచ్చింది. తెలుగు బైబిలు తెరిచి చూపించింది. మొదటి పేజీలో మూడు తరాల పుట్టుకలూ చావులూ వేరువేరు దస్తూరీల్లో రాసున్నాయి. తండ్రి పాడే కీర్తన ఒకటి సన్నగా పాడింది. జయంతి నోటుబుక్కు గబగబా నిండిపోయింది. వంటింట్లోంచి కోడికూర వాసన వస్తోంది.

ఒంటిగంట దాటింది. కరుణమ్మ ఒక పళ్ళెం తెచ్చి జయంతి ముందు పెట్టింది. అందులో తొక్క తియ్యని రెండు అరటిపళ్ళు, ఒక కోక్ డబ్బా ఉన్నాయి.

"నీకోసమే తెచ్చానమ్మా" అంది. "చూడు, సీలు కూడా తియ్యలా. మీ అమ్మగారు అడిగితే చెప్పు తల్లీ, కొన్నవే పెట్టారని. ఏమీ అనుకోరు."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఇంటికొచ్చిన పిల్లని ఇరకాటంలో పెట్టకూడదని ముందే ఆలోచించి, అంగడికి వెళ్ళి తెచ్చి ఉంచిన మర్యాద అది. జయంతి ఉష వైపు చూసింది. ఉష బల్ల మీద గీతని గోటితో గీకుతోంది.

కూర తింటానని అనొచ్చు. మా ఇంట్లో మాంసం తినం కానీ అన్నం తింటానని అనొచ్చు. కనీసం మంచినీళ్ళు అడగొచ్చు. అడిగితే ఆ శుక్రవారం సంగతి ముగ్గురి మధ్యకూ వచ్చి కూర్చుంటుంది. జయంతి డబ్బా తెరిచి కోక్ తాగింది. తను లేచి వెళ్ళేదాకా వాళ్ళు అన్నం తినరని మెట్లు దిగుతుంటే తెలిసింది.

మంగళవారం ఉష పాఠం చెప్పింది. దీపం ఎందుకు పెడతారో, గడపకి పసుపు ఎందుకు రాస్తారో చెప్పింది. అన్నపూర్ణ పూజలో చదివిన లక్ష్మి పేర్లలో పన్నెండు గుర్తుపెట్టుకుని చెప్పింది. అవి జయంతికే రావు. చివర్లో సూసన్ చెయ్యెత్తింది. పాఠ్యపుస్తకంలో కులాల బొమ్మ ఉంది, మెట్లమెట్లుగా గీసి. "ఇది ఇప్పటికీ ఉందా? వాళ్ళింట్లో నీకు కనిపించిందా?"

ఉష తన కాగితాలు సర్దుకుంది. సమాధానం కోసం సిస్టర్ మార్గరెట్ కూడా తలెత్తి చూసింది.

"నేను వెళ్ళింది ఒక్క సాయంత్రమే కదా" అంది ఉష. "పులిహోర మాత్రం చాలా పెట్టారు."

అందరూ నవ్వారు. జయంతి చేతికి కాగితం వచ్చింది. చెప్పినదంతా నిజమేనా? అంతా నిజం అని రాసింది. వదిలేసింది ఏమైనా ఉందా? అక్కడ ఎక్కువసేపు ఆగలేదు. ఆగితే రాయలేనని తెలుసు. ఏమీ లేదు అని రాసి సంతకం పెట్టింది.

గురువారం తన వంతు. బైబిలు మొదటి పేజీ గురించి చెబితే క్లాసు చెవులప్పగించి విన్నది. కీర్తన పల్లవి పాడితే చప్పట్లు కొట్టారు. సూసన్ మళ్ళీ చెయ్యెత్తింది. "వాళ్ళింట్లో ఏం పెట్టారు నీకు?"

"కోక్" అంది జయంతి.

గదంతా గొల్లున నవ్వింది. "ఇంకేం, అసలు సిసలు అమెరికన్ మతం అదే!" అంది సూసన్. నవ్వులు ఇంకా పెరిగాయి. ఆ నవ్వులో జయంతి కూడా కలిసింది. ఆ సంగతే తర్వాత ఎన్నేళ్ళు గడిచినా ఆమెని పొడుస్తూ ఉండేది. ఊరుకుంటే కొంత పోయేది, తను కూడా నవ్వింది. వెనక బెంచీలో ఉష నవ్వలేదు, కోప్పడలేదు. కాగితం మీద రాస్తోంది.

బెల్లయ్యాక సిస్టర్ మార్గరెట్ ఆ కాగితం జయంతి చేతికిచ్చింది. మొదటి ప్రశ్నకి, అంతా నిజం. రెండో ప్రశ్నకి ఒకే మాట, ఉంది. సంతకం లేదు.

"ఏం వదిలేశావో నేను అడగను" అంది సిస్టర్. "ఆ పిల్లని అడుగు. సోమవారం క్లాసుకి చెప్పు."

శనివారం జయంతి వెళ్ళి ఉష వాళ్ళ తలుపు తట్టింది. ముఖం చెల్లక అయిదు నిమిషాలు మెట్ల దగ్గరే నిలబడి మరీ తట్టింది. ఉష లోపలికి రానిచ్చింది.

"వాట్ డిడ్ ఐ లీవ్ అవుట్?" అంది జయంతి. తర్వాత తెలుగులో, "చెప్పు నాకు."

"నీకు తెలీదా?"

"తెలుసు."

"మరెందుకొచ్చావ్?"

కరుణమ్మ గదిలోంచి వచ్చి, "వచ్చావా తల్లీ, ఉండు కోక్ తెస్తా" అని ఫ్రిజ్ వైపు నడిచింది.

"వద్దు ఆంటీ. మంచినీళ్ళు ఇవ్వండి."

కరుణమ్మ ఆగిపోయింది. కూతురి వైపు చూసింది. "పంపు నీళ్ళేనమ్మా" అంది నెమ్మదిగా.

"పర్లేదు ఆంటీ."

ఉష లేచింది. సింకు పక్కన కడిగి బోర్లించిన గాజు గ్లాసులు వరసగా ఉన్నాయి. వాటిని దాటి చెయ్యి చాచి, చర్చిలో కాఫీకి వాడే పేపరు కప్పొకటి తీసి, నీళ్ళు పట్టి తెచ్చి జయంతి ముందు పెట్టింది.

"అదేంటే, గ్లాసులున్నాయిగా!" అంది కరుణమ్మ.

"ఇదైతే కడుక్కునే పనుండదమ్మా" అంది ఉష. అన్నపూర్ణ అన్నట్టే అంది, ఆ యాసతో సహా. నవ్వు మాత్రం లేదు.

తలకొట్టేసినట్టయింది జయంతికి. కప్పు ఎత్తి నీళ్ళన్నీ తాగింది. అంచు మెత్తబడి పెదవికి అంటుకుంది. సంచీలోంచి కాగితం తీసి, 'ఉంది' అన్న మాట కింద రాయడం మొదలుపెట్టింది. స్టీలు గ్లాసులు, పేపరు కప్పు, కోక్ డబ్బా, ఎవరు ఎవరికి ఎందుకిచ్చారో, మంగళవారం తను సంతకం పెట్టి ఆడిన అబద్ధం, అన్నీ రాసింది. రాసినంతసేపూ కరుణమ్మ గోడ వైపు చూస్తూ కూర్చుంది. ఉష చదివి వెనక్కిచ్చింది.

"క్లాస్‌లో రీడ్ చేస్తావా ఇది?"

"చేస్తాను."

"మీ అమ్మకి?"

జయంతి కాగితం మడతపెట్టుకుంది.

సోమవారం క్లాసులో నిలబడి చదివింది. ఎవరూ నవ్వలేదు. సూసన్ తన చేతుల వైపు చూసుకుంది. ఉష వచ్చి కాగితం మీద సంతకం పెట్టి, పెన్ను మూతపెట్టి, తన చోటికి వెళ్ళిపోయింది. సిస్టర్ మార్గరెట్ మంచి మార్కే వేసింది. లంచ్ వేళ ఉష వేరే బల్ల దగ్గర కూర్చుంది. నాలుగైదు వారాల తర్వాత మళ్ళీ వచ్చి పక్కన కూర్చుంది, కానీ జయంతి ఇంటికి మాత్రం మరి రాలేదు.

క్రిస్మస్ సెలవులకు ముందు ఒక శుక్రవారం. అన్నపూర్ణ దీపం కుందులు తోముతూ అడిగింది. "ఆ రేపల్లె పిల్ల రావడం లేదేం? ఎంత చక్కటి మాట ఆ పిల్లది! వస్తే చెప్పు, ఈసారి గారెలు చేస్తాను."

ఆ మాటలో కల్లాకపటం లేదు. ఇరవైమంది పరాయి పిల్లల ముందు, పరాయి భాషలో, చదవగలిగిన కాగితం జయంతి గదిలో సొరుగులో ఉంది. దాన్ని తెచ్చి అమ్మకి తెలుగులో చెప్పాలంటే ఏ మాటతో మొదలుపెట్టాలో రెండు నెలలుగా వెతుకుతూనే ఉంది. ఫోనులో డెంటిస్టుకైనా, గుమ్మంలో పొరుగువాళ్ళకైనా అమ్మ మాట ఇట్టే చెప్పగల పిల్ల.

"బిజీగా ఉందమ్మా" అంది. "పరీక్షలు కదా."

"సరేలే" అంది అన్నపూర్ణ.

జయంతి కడిగిన స్టీలు గ్లాసులు తుడిచి అలమరలో పెట్టింది. వాటి వెనకాల పేపరు కప్పుల ప్యాకెట్ ఇంకా సగం ఉంది.