దేముడు గారి సందేశ్ గోడ

దేముడు గారికి తినడానికి ఏం పెట్టినా ముందు దాంతో గోడ కడతారు. కట్టి, బల్ల పట్టుకుని ఊపుతారు. గోడ కూలితే "సూసినారా!" అని మురిసిపోతారు. ఆ తర్వాతే తింటారు.

రైల్వేలో ఇళ్లు కట్టించే ఓవర్సీరు ఆయన. ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో ఆయన బల్ల ఊపని ఇల్లు లేదు. ఓ పెళ్లి భోజనాల్లో లడ్డూలు పేర్చి ఊపితే ఎదురుగా కూర్చున్న పెళ్లివారి వియ్యంకుడి ఒళ్లో పులుసు పడింది. "భూకంపం వస్తే ఇంతే బావగారూ" అని ఆయన్నే ఓదార్చారు. సుభాష్‌పల్లి మిఠాయి కొట్టు నడిపే బెంగాలీ దాదా అయితే ఈయన్ని చూడగానే పరుగున వచ్చి బల్ల కాళ్లు పట్టుకునేవాడు.

అదే కాలనీలో ఉండే హైమవతికి మాత్రం ఈ ఊపుడు చూస్తే ఒళ్లు మండేది. ఆమె అత్తగారు నూకాలమ్మ వయసులో ఉండగా బీహారులోని జమాల్‌పూర్‌లో పెద్ద భూకంపం చూసింది. కాపురమున్న ఇల్లు కళ్లెదుటే కుప్పకూలింది. అప్పట్నుంచీ ఆవిడ గోడల మధ్య పడుకోదు. క్వార్టరుకి వరండా ఉంది గనక ఇన్నాళ్లూ గడిచిపోయింది. ఇప్పుడు హైమవతి భర్త అప్పలకొండ వర్క్‌షాపులో రిటైరవుతున్నాడు, క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఊళ్లోనే ఝపటాపూర్‌లో కట్టుకుంటున్నవి రెండే గదులు, వరండా లేదు. వచ్చేది వానాకాలం, ముసలావిడకి ఆయాసం. ఆరుబయట తడిసి ఏమైపోతుందోనని హైమవతికి కంటి మీద కునుకు లేదు.

ఆ ఇల్లు కట్టిస్తున్నది దేముడు గారే. వచ్చినప్పుడల్లా నూకాలమ్మ ఎదుటే గోడ, ఎదుటే ఊపుడు.

"దండవెడతాను అన్నయ్యా, అసలే బెదిరిపోయిన మనిసి. ఆవిడ ముందర ఊపీకండి."

"ఊపకపోతే తెలిసీదెలాగ సెల్లీ?"

దానికి తోడు ఇనుము దొరకని రోజులు. ఒక్క గదికి సరిపడానే దొరికింది. ముందు గదికి వాడమని హైమవతి చెప్పింది. తీరా వెళ్లి చూస్తే చువ్వలన్నీ వెనక గది పునాదిలోంచి లేచి ఉన్నాయి, నాలుగు మూలలా, తలుపుకి అటూ ఇటూ.

"సుట్టాలొచ్చి కూకునీది ముందు గదిలోన కదా! ఎనక గదికి ఇనుమేటి?" అంది హైమవతి.

 మర్నాడు దేముడు గారు క్వార్టరుకి బెంగాలీ పాలమిఠాయి సందేశ్ పొట్లంతో దిగారు. "సెల్లీ, కొత్త సీపురూ, గుమ్మడికాయ ముక్కా ఇయ్యి."

పీట మీద సందేశ్ బిళ్లలు ఇటుకల్లా పేర్చి ఊపారు. గోడ కూలింది. నూకాలమ్మ కళ్లు మూసుకుంది.

"అలాగే పడిపోనాది నాయినా."

కూలిన గోడ దేముడు గారు తినేశారు. గుమ్మడి ముక్కలో చీపురు పుల్లలు గుచ్చి, వాటికి బిళ్లలు గుచ్చుకుంటూ మళ్లీ కట్టారు. పైన చుట్టూ పూలదారం బిగించారు. ఊపారు. గోడ ఊగింది, నిలబడింది.

నూకాలమ్మ దగ్గరకు జరిగింది. "ఇలాగియ్యి" అని పీట తనే పట్టుకుని, ఎన్నో ఏళ్ల కసి తీరేలా ఊపింది.

"బీటేసినాది!"

"బీటెయ్యనీ పిన్నీ, మీద పడదు. ఇటిక బరువు మోస్తాది గానీ, పక్కకి ఊపీసరికి సాగనేక ఇడిపోతాది. ఆ లాగుడు ఇనుము ఓర్సుకుంటాది. ఈ దారంలాగ గోడల మీద సుట్టూ తిరిగీ పట్టీ మూలలు ఇడిపోకండా బిగించి ఉంచుతాది."

"అలాటి గది ఎక్కడున్నాది?"

"ఎనక గది, నీదే. మిగతావోలు పరిగెట్టగలరు. నువ్వు పరిగెట్టనేవు కదా."

 ఇన్నాళ్లూ తమ ఇంట్లో ఈ మనిషి ఊపుతున్నది ముసలావిడ భయాన్ని వదిలించడానికా! ఇంత మంచివాణ్ణా తను కసురుకున్నది అనుకుంటే హైమవతికి కళ్లు చెమర్చాయి.

గృహప్రవేశం నాటి సాయంత్రం నూకాలమ్మ తనంతట తనే వెనక గదిలో చాప వేయించుకుంది. హమ్మయ్య అనుకుని హైమవతి ముందు గదిలో పక్క పరుస్తోంటే లోపల్నించి కేక వినిపించింది.

"ఒలే, అక్కడేటి సేస్తన్నావు? ఆ గదికి ఇనుము నేదు! ఆడ్ని తీసుకుని బేగి రా ఇలాగ!"

అప్పలకొండ దిండు చంకన పెట్టుకుని బుద్ధిగా వచ్చాడు. కొత్తింట్లో తొలి వాన చప్పుడు ముగ్గురూ ఒకే చాప మీద కూర్చుని విన్నారు. నూకాలమ్మ గోడకి చేరబడి కాళ్లు చాపుకుంది.