వెనక బెంచీ

మునుపు రోజూ ఎసరు పెట్టి, బియ్యం కడగబోయే ముందు గుప్పెడు తీసి చర్చి కోసమని పక్క డబ్బాలో వేసేదాన్ని. శనివారం ఫ్లోరెన్స్ వదిన సంచీతో వచ్చి పట్టుకుపోయేది. రేపల్లెలో మా లూథరన్ సంఘంలో ఇంటింటా ఉన్న అలవాటే. ఆ బియ్యం దిక్కులేనివాళ్లకు పంచేవారు. రెండేళ్లుగా నేను గుప్పెడు తీయడం లేదు, ఆమె రావడం లేదు. ఆమె కొడుకు బాబీ మా అమ్మాయి స్టెల్లాను చంపాడు.

బాపట్లలో నర్సింగు చదువుతున్న పిల్ల. పెళ్లికి ఒప్పుకోలేదని, సెలవుకి బస్సు దిగి ఇంటికి వస్తుంటే పొడిచాడు. పదకొండు పోట్లు.

భర్త పోయేనాటికి ఫ్లోరెన్స్ చేతిలో మూడేళ్ల బాబీ. ఇళ్లలో అంట్లు తోమేది. ఒక వానాకాలం పనుల్లేక, పోగుచేసిన చర్చి బియ్యంలోంచి రెండు శేర్లు తీసి వాడికి వండి పెట్టింది. ఎవరూ చూడలేదు. ఆదివారం తనే లేచి సంఘం ముందు ఒప్పుకుంది. ఆరు నెలలు ఆమెకు ప్రభువు రాత్రి భోజనం, అంటే ఆరాధనలో పంచే రొట్టె, ద్రాక్షరసం, ఇవ్వలేదు. చెప్పులు విడిచే చోట, వెనక బెంచీ మీద కూర్చునేది. ఈస్టరు నాడు పాస్టరు అయ్యగారు పేరు పెట్టి ముందుకు పిలిచి, రొట్టె చేతిలో పెట్టారు. బియ్యం సంచీ కూడా మళ్లీ ఆమెకే ఇచ్చారు. ఆ రోజు నేనూ ఏడ్చాను.

శిక్షంటే ఆమెకు తెలిసింది అదే. అందుకే అడవులదీవిలో చుట్టాలింట్లో దాక్కున్న కొడుకుని తనే వెతికి పట్టుకుంది. "ఒప్పుకోరా. కొన్నాళ్లు వెనక కూర్చోబెడతారు, మళ్లీ పిలుస్తారు" అని చెప్పి పోలీసులకు అప్పగించింది. వాడి చొక్కా మీద నెత్తురు చూశానని తెనాలి కోర్టులో సాక్ష్యమూ చెప్పింది. జడ్జిగారు ఉరి అని చదివితే అర్థంకాక, పక్కనున్న కానిస్టేబుల్‌ని "ఎన్నాళ్లండి?" అని అడిగింది.

నలుగురికీ భయం ఉండాలన్నారు సర్కారు వకీలు. చేసినదానికి తగినంత పడాలన్నారు మా ఆయన అబ్రహాము. మారతాడేమో చూడండన్నారు వాడి వకీలు. మూడూ విన్నాను. ఎవరినో భయపెట్టడానికైతే మధ్యలో మా పిల్ల పేరెందుకు? పదకొండు పోట్లకు ఒక తాడు తగినంత అవుతుందా? పోనీ మారాడే అనుకుందాం, ఎవరి ముందుకొచ్చి నిలబడతాడు? పేరు పెట్టి పిలవడానికి స్టెల్లా లేదుగా.

ఉరికి హైకోర్టు కూడా సరేననాలట. శిక్ష తగ్గించొద్దని మేమిద్దరం సంతకాలు పెట్టిన కాగితం దాఖలు చేద్దాం, సోమవారం తెనాలి రమ్మని మా వకీలు కబురు పెట్టారు.

అది తెలిసి కాబోలు, శనివారం మధ్యాహ్నం ఫ్లోరెన్స్ గుమ్మం దగ్గరికొచ్చింది. చేతిలో ఖాళీ సంచీ.

"సంచీ కూడా తెచ్చావా? ఇంకేం మిగిలిందని పట్టుకుపోతావమ్మా?" అన్నారు మా ఆయన.

"అలవాటున చేతికొచ్చేసింది అన్నయ్యా." దాన్ని మడిచి చంకలో దాచుకుంది. "వాణ్ణి వదిలెయ్యమని రాలేదు వదినా. చచ్చేదాకా వెనకే కూర్చోనియ్యండి. ముందుకి పిలవొద్దు."

"నీ కొడుకు కూర్చుంటాడు సరే, నా కూతుర్ని ఎక్కడ కూర్చోబెట్టను?" అన్నారాయన.

ఆమె నా వైపు తిరిగింది. "నేను నోరు మూసుకునుంటే బతికేవాడా వదినా?"

"బతికేవాడేమో" అన్నాను. ఆమెతో అబద్ధమాడబుద్ధి కాలేదు.

కాసేపు మెట్టు మీద కూర్చుని లేచి వెళ్లిపోయింది.

"సోమవారం పొద్దుటి బండికి వెళ్లాలి. నా తెల్ల చొక్కా, నీ చీర ఉతికి ఇస్త్రీ చేసి ఉంచు" అన్నారాయన.

వాణ్ణి నేను క్షమించలేదు. ఆ పని చేయగలిగింది స్టెల్లా ఒక్కతే. కానీ కొడుకుని నమ్మించి తీసుకొచ్చిన ఆ తల్లి మాట ఉరితాడైంది. దాన్ని బిగించే కాగితం మీద నా సంతకం పడనివ్వలేను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి చొక్కా, చీర బకెట్లో నానేశాను. పీట వేసుకుని ఎదురుగా కూర్చున్నాను.

"ఇంకా ఉతకలేదా? ఎండ పోతోంది" అన్నారు వసారాలోంచి.

"లేదండి."

మళ్లీ అడిగారు. మళ్లీ అదే చెప్పాను. ఎండ దండెం దాటి గోడెక్కింది. సబ్బు కాగితం కూడా విప్పలేదు.